బంతి తన్నితే కూలి ఇస్తారా?

దసరా సెలవులకు ఇంటికి పోతే అమ్మ ఇదే అడిగింది. నాకు జవాబు తెలీలేదు. హాస్టలుకు వచ్చాక పి.ఇ.టి. సారుని అడిగాను. సారు అమెరికా అమ్మాయి ఒలీవియా మౌల్ట్రీ సంగతి చెప్పారు. అక్కడి ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగులో అప్పట్లో 18 ఏళ్లు నిండితేనే జీతానికి తీసుకునేవారంట. మగవాళ్ల లీగులో ఫ్రెడ్డీ అడు 2004లో 14 ఏళ్లకే ఆడాడు. ఇదేం న్యాయమో! ఒలీవియా 2021లో కోర్టుకు పోయింది. ఆమెను ఆపొద్దని జడ్జి చెప్పారు. హైస్కూలు వయసులోనే, 15 ఏళ్లకు, పోర్ట్‌ల్యాండ్ జట్టులో చేరింది.

నాకిప్పుడు 14. మా ఊళ్లోనూ బంతి మగపిల్లలదే, మేము నీళ్లకు పోవాలి. నాన్న పదో తరగతి చాలంటున్నాడు. సంక్రాంతికి పోయి అమ్మకు చెప్తాను, కూలి ఇస్తారంట అని. కానీ సార్, మన బంతిలో గాలి లేదు. వారం నుంచి మెత్తగానే ఉంది.