నంది కొండ కింద నల్లద్రాక్ష

నంది కొండకు పోయిరాని బెంగుళూరు తెలుగువాడు వుండడు. తెల్లవారుజామున వణుకుతూ మంచు చూచి, టిప్పు డ్రాప్ దగ్గర నిలబడి ఫొటో దిగి, వచ్చే దారిలో భోగనందీశ్వరునికి ఒక నమస్కారం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవడం మనకు పరిపాటి. కొండ మీద ఏమున్నదో అందరికీ తెలుసు. కొండ కింద ఏమున్నదో చూచినవారు తక్కువ. ముప్పయి ఏళ్ళుగా ఈ వూళ్ళో వుంటూ మేమూ చూడలేదు.

ఈ ఫిబ్రవరిలో ఆ లోటు తీరింది. మా వదినగారి అన్నగారు దొడ్డబళ్ళాపురానికి అవతల ఐదెకరాల ద్రాక్షతోట చేస్తున్నారు. నాలుగైదు తరాలుగా అక్కడే పాతుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. లెక్కలు ఏ భాషలో వేసుకుంటారో వారికే తెలియదు. "బావా, కోత మొదలయింది. చూడాలంటే రాత్రికే రా. పొద్దెక్కి వస్తే ఉత్త తీగలు చూస్తావు" అని ఫోను చేశారు. మేము దంపతులం, మా చిన్నమ్మాయి, యానాం నుంచి వచ్చి మా ఇంట దిగిన మాస్టారు, వెరసి నలుగురం బయలుదేరాము. మాస్టారి ఉత్సాహానికి కారణం వేరే వుంది. వారి వూరు 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో వుండినది గదా! "మా తాత దొరల బల్లమీద సీసా చూచి వచ్చి కథలు చెప్పేవాడు. ఆ సీసాలోది పండే చెట్టును నేను చూడవద్దా?" అన్నారు.

రాత్రి రాగిసంగటి, ఉలవచారు. ఆ ఇంట్లో మద్యం గడప దాటి రాదు. బావగారి తల్లి, మాకు అత్తమ్మ, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమె మాట ఇంటికి శాసనం. మరి రెండెకరాల్లో కేబర్నే వేసినప్పుడు ఆమెకు ఏమని చెప్పారు? ఈ సంగతి మా అల్లుడు, అనగా బావగారి అబ్బాయి, చెవిలో చెప్పాడు. "ఆ కాయలు ఎక్కడికి పోతాయిరా అని అడిగింది మామా. మందుకు పోతాయి అవ్వా అన్నాను. అబద్ధం కాదు గదా!" అరిష్టాలు, ఆసవాలు ఎరిగిన పాతకాలపు మనిషి, తల వూపి వూరుకున్నదట.

మూడు గంటలకు లేపారు. నుదుట దీపాలు కట్టుకొని పాతిక మంది, ఎక్కువమంది ఆడవాళ్ళు, చిన్న కత్తెరలతో వరుసల వెంట కదులుతున్నారు. రాత్రిపూట ఎందుకంటే, కాయ చల్లగా వుండాలి. ఎండకు వేడెక్కిన కాయ బండిలోనే నలిగి, తొట్టికి చేరకముందే పులియడం మొదలుపెడుతుంది.

మనం కొని తినే నీలం ద్రాక్ష, బెంగుళూరు బ్లూ, పందిరి మీద పారుతుంది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ సీమ పంట అది. తల పైన గుత్తులు వేలాడుతూ వుంటే కింద నీడలో మనిషి హాయిగా నడవవచ్చు. కేబర్నే సోవిన్యోన్ అలా కాదు. కంచె వేసినట్లు నిట్రాళ్ళు పాతి, వాటికి కట్టిన తంతుల వెంట దానిని నిటారుగా పెంచుతారు. గుత్తులు మోకాటి ఎత్తున వుంటాయి. కోసేవారి నడుము సంగతి చెప్పనక్కరలేదు. మా అమ్మాయి పది నిమిషాలు కోసి, కూర్చుండిపోయింది. కాయ చూద్దుమా, నేరేడు గింజంత. తోలు మందం, గింజ పెద్దది, మధ్య కండ కొంచెమే. నోట వేసుకుంటే మహా తీపి, వెంటనే పచ్చి వక్క నమిలినట్లు నాలుక మీద వగరు. మాస్టారు నిరాశపడ్డారు. "ఇందుకా ఇంత పేరు?" అన్నారు. పేరంతా ఆ తోలులోనే వున్నదని మాకు తరువాత తెలిసింది. రసం నల్లగా వుండదు, దాదాపు నీళ్ళ రంగే; ఎరుపు, వగరు, సువాసన తోలు ఇచ్చేవి.

ఈ చెట్టు పుట్టుక కూడా విచిత్రమే. ఫ్రాన్సులో బోర్డో సీమ దీని పుట్టినిల్లు. ఎంతో పురాతనమైన జాతి అని అందరూ అనుకుంటూ వుండగా, 1997లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. చూచి, ఇది కేబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్షకూ, సోవిన్యోన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్షకూ కలిగిన బిడ్డ అని తేల్చారు. ఎవరూ కూర్చి కలిపినది కాదు, తోటలో తనంతట తాను జరిగినది. తెల్లకాయ కడుపున ఇంత నల్లకాయ!

మన నేలకు ఇది ఎలా వచ్చినదంటే, ఫ్రాన్సుతో వ్యాపారం చేసిన కన్వల్ గ్రోవర్ అనే ఆయన, షాంపేన్ సీమకు చెందిన జార్జ్ వెసెల్‌ను తోడు పెట్టుకొని, పలుచోట్ల నేల పరీక్షించి, చివరకు ఈ నంది కొండ పాదాన్ని ఎన్నుకున్నారు. 1988లో తోట స్థిరపడింది. 1992లో సీసాలు బజారుకు వచ్చాయి. 1995 నుంచి బోర్డోకు చెందిన పేరుమోసిన నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారు అయ్యారు. ఒక కుటుంబం పెట్టిన ఆ కంపెనీ 2012లో నాసిక్ కంపెనీ ఒకదానితో కలిసి గ్రోవర్ జంపా అయింది. దానిని చూచి చుట్టుపట్ల రైతులు, చిన్న కుటుంబాలవారు ధైర్యం చేశారు. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైను విధానం ప్రకటించిన తరువాత ఇంకొందరు వచ్చారు. మా బావగారు ఆ ఇంకొందరిలో ఒకరు.

బోర్డో అంటే మన రైతుకు ద్రాక్షకన్న ముందే తెలిసిన పేరు. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం ఎరుగని తోట మన దేశాన వుండదు. ఆ మందు పుట్టినది ఈ కేబర్నే తోటల్లోనే. దారిన పోయేవారు గుత్తులు తెంపుకొని తినకుండా, మెడోక్ ప్రాంతపు తోటవారు రోడ్డు పక్క వరుసలకు ఆ నీలిరంగు పూత పూసేవారట. 1882లో మియార్డే అనే ఆచార్యుడు ఆ దారిన పోతూ, పూత పూసిన చెట్లకే తెగులు రాలేదని గమనించాడు. 1885 నాటికి అది లోకానికంతా మందు అయింది. దొంగల భయం కాస్తా తెగులుకు విరుగుడైందన్నమాట! బావగారికి ఈ కథ చెబితే, "మా రోడ్డు పక్క వరుసలకూ కొట్టాలి. బెంగుళూరు బైకులవాళ్ళు వదలడం లేదు" అన్నారు.

అక్కడ చలికాలం మంచుకు చెట్టు నిద్రపోతుంది. ఇక్కడ ఏడాది పొడుగునా ఎండే. ద్రాక్షకు నిద్రన్నది లేదు. అందుకని ఏటా రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, సెప్టెంబరు అక్టోబరులలో కాయ కోసం. "ఏప్రిల్ కత్తిరింపు తప్పితే ఆ ఏడు పోయినట్టే" అన్నారు బావగారు. ఆ మాట అంటూ కొడుకు వైపు చూచారు. మాకు అప్పుడు అర్థం కాలేదు.

తెల్లవారేసరికి క్రేట్లు వ్యానుకెక్కించి వైనరీకి తోలారు. మేమూ వెనకే పోయాము. తండ్రీ కూతుళ్ళు నడిపే చిన్న చోటు. యంత్రం తొడిమలు విడదీసి కాయలు చిదిపి స్టీలు తొట్టిలో పోస్తుంది. పులిసేకొద్దీ తోళ్ళు పైకి తేలి అట్టకడతాయి. రోజుకు రెండు మూడు సార్లు అడుగు రసాన్ని పంపుతో పైకి తోడి ఆ అట్ట మీద పోయాలి. లేకపోతే రంగు దిగదు, పైన పుల్లబడుతుంది. వారం పది రోజుల తరువాత పిండి, తోళ్ళు తీసేస్తారు. ఆ పైన మరొక పులియడం వుంది. ఆపిల్‌లో వుండే పులుపు పెరుగులో వుండే పులుపుగా మారుతుంది. మన తోడు పెరుగులోని సూక్ష్మజీవుల చుట్టాలే ఆ పని చేసేవి. అది విని మా ఇంటావిడకు ఆ చోటి మీద కొంత గౌరవం కలిగింది. తరువాత ఓకు కర్ర పీపాలు. ఒక్కొక్కటి 225 లీటర్లు, అనగా మూడు వందల సీసాలు. చీకటి గదిలో నెలల తరబడి వుంచుతారు.

రుచి చూడమన్నారు. మాస్టారు చూచారు, కళ్ళు మూసుకొని చాలాసేపు తెరవలేదు. మేము ఒక గుక్క తీసుకున్నాము, దాచడం దేనికి! బావగారు గ్లాసు అందుకొని వాసన మాత్రం చూచి తిరిగి ఇచ్చారు. పధ్నాలుగేళ్ళుగా ఈ కాయ పండిస్తూ ఒక్క బొట్టు నోట పోసుకోలేదట. అమ్మకు ఇచ్చిన మాట.

ఆ అమ్మాయి మరొక పీపా నుంచి పోసి, "ఇది రెండేళ్ళ కిందటి మీ తోటది అంకల్" అన్నది. బావగారు వాసన చూచి తలదించుకున్నారు. మేమూ చూచాము, బుట్ట మిరపకాయ కోసినప్పటి వాసన. కేబర్నే పూర్తిగా పండక ముందు కోస్తే ఆ వాసన పోదట. ఆ ఏడు మబ్బు పట్టింది, వాన పడితే గుత్తులు కుళ్ళుతాయని పది రోజులు ముందే కోసేశారు. ధర తగ్గింది. అంతకు ముందు వేరే ఒక వైనరీకి పోస్తే డబ్బు రెండేళ్ళకు గాని చేతికి రాలేదు. ఆ పేరు మనకెందుకు.

తిరిగి వచ్చాక చింతచెట్టు కింద కూర్చోబెట్టి అల్లుడు లెక్క చెప్పాడు. "బ్లూ ఎకరాకు పదిహేను టన్నులు దిగుతాది మామా. ఇది నాలుగు. ధర ఎక్కువే గానీ కొనేవాడు ఒక్కడే. వాడు వద్దంటే తినడానికి పనికిరాదు, సంతకు పనికిరాదు. బోరు లోతుకు పోతానే వుండాది. ఎయిర్‌పోర్టు వచ్చినాక లేఅవుటువాళ్ళు వారానికొకడు వస్తాండారు. ఈ రెండెకరాలు ఇచ్చేస్తే అప్పు తీరి, మిగతా మూడెకరాలు నిలుస్తాయి." బావగారు మాకేసి చూచారు. మమ్మల్ని కోతకు పిలిచినది ఇందుకని అప్పుడు బోధపడింది. పట్నం చుట్టం చెబితే కొడుకు వింటాడని ఆశ. మేము ఏమి చెప్పగలము? హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలుండే చోట్ల ఇవాళ ఏమున్నవో మేమెరుగుదుము. అట్లాగని అప్పు వడ్డీ మేము కట్టేది కాదు. "బ్లూ మీద బతికేవాడికి కేబర్నే ఎందుకు బావా?" అని అడిగాము. ఆయన కాసేపు ఆగి, "నీళ్ళు తక్కువ తాగుతాది. అడిగేది తక్కువ చెట్టు. దాన్ని పెరికేదానికి చెయ్యి రాదు" అన్నారు.

అత్తమ్మ అరుగు మీద నుంచి అంతా విన్నది. "ఏం అల్లుడా, ఆ మందు ఎట్లుండె?" అని మమ్మల్నే అడిగింది. మేము తెల్లబోయాము. మనవడు నేల చూపులు చూశాడు. "నాకు తెలవదనుకుంటిరా? మీ మామ బతికుండగా ఆయప్ప సారా మాన్పించేదానికి పదేండ్లు పట్టె నాకు. కాయ పండించేది పాపం గాదు. నేల అమ్మేది నాకు ఇష్టం లేదు. అంతే నా మాట" అని తలుపు చాటుకు పోయింది.

సాయంత్రం ఒక బుట్ట నీలం ద్రాక్ష కట్టి ఇచ్చారు. బస్సులో అంతా దాని వాసనే. మాస్టారు యానాంకు ఒక సీసా తీసుకుపోయారు. తాతగారి ఫొటో ముందు పెడతానన్నారు, నిజమో వేళాకోళమో తెలియదు.

ఏప్రిల్ రెండో వారంలో అల్లుడి ఫోను వచ్చింది. "మామా, ఈ పొద్దు కత్తెరలు పెట్టినాము. ఒక ఎకరా కేబర్నే పెరికి బ్లూ పందిరి వేస్తాండాము. ఒక ఎకరా వుంచినాము. లేఅవుటువాళ్ళకు వద్దని చెప్పినాము, ఈ ఏటికి." బావగారు ఎక్కడ అని అడిగాము. మిగిలిన ఎకరాలో వరుసల మధ్య వున్నారట. కూలివాళ్ళను పక్కకు తప్పుకోమని, తానే కత్తిరిస్తున్నారట.