నీడ లేని మధ్యాహ్నం, నేల కొలత

ఏప్రిల్ 24న మన వేసవి తెలుగు తరగతిలో అక్షరాలు పక్కనపెట్టి పిల్లలను డాబా మీదికి ఎందుకు ఎక్కించామని కొందరు అడిగారు. "ఇది పరీక్షల్లో వస్తుందా అంకుల్?" అని ఒక తండ్రి నేరుగానే అడిగారు. రాకపోవచ్చు. అయినా వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మేం జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో పెరిగినవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సైన్సు అంతా తమిళంలోనే చదివాం. ఇప్పుడు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మనవలు ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాలాంటి తాతలు మెల్లగా పక్క గదిలోకి జారుకుంటారు. కానీ నీడకు మీడియం ఏముంది? తమిళంలో నిళల్, కన్నడంలో నెరళు, మనకు నీడ. ఎండలో నిలబడితే మూడూ ఒకటే.

బెంగళూరులో ఏడాదికి రెండు రోజులు, ఏప్రిల్ 24 ప్రాంతంలో, ఆగస్టు 18 ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా ఉన్న వస్తువుకు పక్కన నీడ పడదు. మీటరు పొడుగు నీళ్ల పైపు ముక్క తెచ్చి, దారానికి బరువు కట్టి నిలువు సరిచూసి నిలబెట్టాం. 12 గంటల 17 నిమిషాలకు నీడ పైపు అడుగులోకి వెళ్లిపోయింది. పిల్లలు కేకలు పెట్టారు.

పన్నెండుకు కాకుండా పన్నెండూ పదిహేడుకు ఎందుకని ఒక అమ్మాయి అడిగింది. రైల్వే గుమాస్తాకు ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న ఉంటుందా! మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడ పక్కనుంచి పోతుంది. మనం దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాలు, కాబట్టి 20 నిమిషాలు ఆలస్యం. భూమి కాస్త వంగి ఉండడం, ఏడాది పొడుగునా ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల ఆ రోజుకు రెండు నిమిషాలు తగ్గుతుంది. 1906 జనవరి 1న ఈ గడియారం రాకముందు రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. ఆ కథ మొదలుపెడితే ఆపలేం, ఇంకోసారి చెప్తాం.

అసలు పని తర్వాతిది. అదే రోజు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లవాడి మేనత్త ఇంటి మీద ఇంకో మీటరు పైపు నిలబెట్టించాం. అక్కడ మధ్యాహ్నం 12:14కే అయింది. నీడ ఉత్తరం వైపు 8 సెంటీమీటర్లు వచ్చిందని ఫోను. మావాళ్లు నమ్మలేదు. "వాళ్లు పైపు వంకరగా పెట్టుంటారు" అన్నాడు మేనత్త మేనల్లుడే. వీడియోలో దారం కట్టించి చూపించాకే ఒప్పుకున్నారు. సూర్యుడు అంత దూరంలో ఉంటే కిరణాలు రెండు ఊళ్లకూ సమాంతరంగానే వస్తాయి. నేల చదునైతే రెండుచోట్లా నీడ ఉండకూడదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఏడో తరగతి పాప అంది, "అయితే పైపు కాదు, నేలే వంకర!"

దాదాపు 2,200 ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీసు పట్టుకున్న దారి ఇదే. ఆయనకు మేనత్త ఫోను లేదు, అంతే.

ఇక దూరం. రైల్లో ఆరువందల కిలోమీటర్ల పైమాటే, కానీ రైలు పట్టాలు ఊళ్లు వెతుక్కుంటూ పోతాయి కాబట్టి ఆ లెక్క పనికిరాదు. గోడ పటంలో బెంగళూరు మీద నిలువు గీత, హైదరాబాద్ మీద అడ్డ గీత గీసి స్కేలుతో కొలిస్తే ఉత్తర దక్షిణాల దూరం 490 కిలోమీటర్లు. తర్వాత మన పాత త్రైరాశికమే: 8కి 100 అయితే 490కి ఎంత? 6,125 కిలోమీటర్లు. అదే భూమి మధ్య నుంచి మన కాలి కింది వరకు. రెండుతో, ఇరవైరెండు బై ఏడుతో హెచ్చిస్తే చుట్టుకొలత 38,500. పుస్తకంలో 40,000 ఉంటుంది.

తప్పు ఎక్కడని పిల్లలే వెతికారు. నీడ 7.7 వచ్చి ఉంటే లెక్క దాదాపు సరిపోయేది. భూమంత లెక్కలో తేడా 3 మిల్లీమీటర్లు! సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు పళ్లెం. అందుకే మీటరు కర్ర నీడ చివర సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఎక్కడ గీత గీయాలో మేనత్తకు మాత్రం ఎలా తెలుస్తుంది? 40,000 అని ఖాళీలో నింపే పిల్లలు ఆ సంఖ్యతో పేచీ పెట్టుకోవడం మాకు మార్కులకన్నా ఎక్కువ అనిపించింది. ఇంకో మాట. మామూలుగా ఈ పిల్లలు హైదరాబాద్ బంధువులతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఆ గంటసేపు దారం, నీడ, వంకర, నిలువు అని తెలుగులోనే పోట్లాడుకున్నారు.

ఆగస్టు 18న మళ్లీ చేద్దాం. 1868లో అదే తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. ఈసారి మనకు మధ్యాహ్నం 12:24 ప్రాంతంలో. వరంగల్, విశాఖపట్నంలో బంధువులున్నవాళ్లు కింద పేర్లు రాయండి. ఢిల్లీ అక్క ఉన్నవాళ్లు కూడా రాయవచ్చు. అక్కడ నీడ లేని రోజు ఎప్పుడూ రాదు, ఎందుకో పిల్లల్నే చెప్పనిద్దాం. ఆగస్టులో మబ్బు భయం ఉంది కాబట్టి 17, 19 కూడా ఖాళీ పెట్టుకోండి. పైపులు మా దగ్గర ఉన్నాయి, టోపీలు మీరు తెచ్చుకోవాలి.