అలల్లేని ఊళ్ళో అలల కబుర్లు

దోహాలో ఉండే మన ఆడవాళ్ళలో చాలామందికి బర్వా అల్ బరాహా పేరు తెలుసు, దారి తెలియదు. సాద్, నజ్మా, మన్సూరా, వక్రా చుట్టూ తిరిగే సంసారాలు మనవి. పిల్లల బడి, ఇండియన్ కిరాణా, శుక్రవారం కార్నిష్. ఇండస్ట్రియల్ ఏరియాకి మనకేం పని? కారు మరమ్మతుకి ఇవ్వాల్సొస్తే ఆయన వెళ్ళొస్తారు.

నేను మొదటిసారి 2024 జూలైలో వెళ్ళాను. ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులకి పేర్లుండవు, అంకెలే. గ్యారేజీలు, స్టీలు గోడౌన్లు, కాంక్రీటు మిక్సర్లు దాటుకుంటూ పోతే లారీలు నిలిపే పెద్ద మైదానం వస్తుంది. అక్కణ్ణించి ఇసుక రంగు భవనాలు వరసగా, అన్నీ ఒకేలా. పదుల వేల మంది కార్మికులు ఉండే ఊరది. బర్వా అనేది కట్టిన సంస్థ పేరు. బరాహా అంటే పాతకాలపు ఖతారీ వాడల్లో ఇళ్ళ మధ్య వదిలే ఖాళీ జాగా. పెద్దలు కబుర్లకి కూర్చునేది అక్కడే, పిల్లలు ఆడుకునేది అక్కడే. మన రచ్చబండ అనుకోండి. ఈ ఊళ్ళో పిల్లలు మాత్రం ఉండరు. ఆడవాళ్ళూ ఉండరు. ఆరేసిన బట్టల్లో చీర గానీ గౌను గానీ లేకపోవడం నాకు లోపలికెళ్ళిన ఐదు నిమిషాల్లోనే కళ్ళకి కొట్టింది.

మా తెలుగువాళ్ళం కొందరం కలిసి పెట్టిన వైద్య శిబిరం అది. నా పని టోకెన్లు రాయడం, డాక్టరమ్మ అడిగింది తెలుగులో చెప్పడం. ఎండాకాలం నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పదింటి నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని ఆపాలి. కానీ పొద్దున ఎనిమిదింటికే చొక్కా పిండితే నీళ్ళు కారే ఉక్క ఇక్కడిది. బీపీ, షుగర్, నడుం నొప్పి, నిద్ర పట్టకపోవడం. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి, రాయచోటి, టెక్కలి. ఊళ్ళ పేర్లు రాస్తుంటే బస్టాండు బోర్డులు చదువుతున్నట్టే ఉంది.

మధ్యలో ఒక కుర్రాడు వచ్చాడు. తెలుగే, కానీ యాస పట్టుకోలేకపోయాను. శ్రీకాకుళంలా మొదలై ఒడియాలోకి జారుతుంది. "ఏ ఊరు తమ్ముడూ?" అన్నాను. "పూరీ అక్కా. పెంటకోట."

పూరీ వెళ్ళినవాళ్ళు ఈ మనుషుల్ని చూసే ఉంటారు, మనవాళ్ళని తెలియకుండానే. ఒడ్డున శంకువు ఆకారం టోపీ పెట్టుకుని, భయపడే యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్ళి ముంచి తెచ్చే నోలియాలు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. మన తీరం నుంచి తరాల కిందట వెళ్ళి అక్కడ స్థిరపడ్డ జాలర్లు. పెంటకోట వాళ్ళ వాడ. పూరీ ఒడ్డు నిటారుగా దిగుతుంది, లాగు ఎక్కువ. అక్కడ ఏ అల ఎత్తుకుంటుందో, ఏది లోపలికి ఈడుస్తుందో వీళ్ళకి పుట్టుకతో తెలుస్తుంది. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటింది. ఆ దెబ్బకి వాళ్ళ పడవ పోయిందట. తండ్రి అప్పు చేశాడు. కొడుకు పరంజా కట్టే పనికి ఇక్కడికొచ్చాడు.

భుజం నొప్పి అతనిది. డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూపించమంటే తెడ్డు వేసినట్టు తిప్పాడు. ఆవిడ నవ్వేసి, "పడవ నడిపేవాడివా?" అంది.

శిబిరం అయ్యాక కరక్ చాయ్ దగ్గర మళ్ళీ కలిశాడు. ఫోన్లో ఒక వీడియో తీసి, "ఇది సూడండక్కా, మాల్దీవుల్లో మనోళ్ళు" అన్నాడు. క్రికెట్ అనుకున్నాను. సముద్రం కనబడింది.

నిజం చెప్పాలంటే భారతదేశానికి సర్ఫింగ్ జట్టు ఉందని నేను అప్పుడే విన్నాను. ఆ నెల మొదట్లోనే మాల్దీవుల్లోని తులుస్‌ధూలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగాయి. ఆ దీవిలోని కోకా కోలా ఫ్యాక్టరీ వల్లే అక్కడి పేరుమోసిన అల పేరు 'కోక్స్' (అలలకి కూడా పేర్లుంటాయని ఆ రోజే తెలిసింది). జట్టుపోటీ పేరు మర్హబా కప్. మనం ఇక్కడ అంగడి గుమ్మంలో రోజూ వినే మర్హబాయే అది. నలుగురు ఒకరి తరవాత ఒకరు, రిలే పందెంలా వెళ్ళి అల ఎక్కి, తిరిగొచ్చి తరవాతి మనిషికి వంతు అప్పగించాలి. జపాన్‌ది మొదటి స్థానం, మనది రెండోది. విడిగా జరిగే పోటీలో హరీష్ అనే కుర్రాడు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు.

జట్టులో ఎక్కువమంది తమిళనాడు తీరం పిల్లలు. ఆ నలుగురిలో ఒకమ్మాయి ఉంది, మహాబలిపురం కమలి. తల్లి సుగంతి ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచింది. చిన్నప్పుడు తెల్ల గౌనులో, చెప్పుల్లేకుండా స్కేట్‌బోర్డు మీద జారే కమలి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లీకూతుళ్ళ మీద తీసిన 'కమలి' అనే చిన్న సినిమా 2020లో బాఫ్టా అవార్డుకి నామినేట్ అయింది. చూడనివాళ్ళు చూడండి. అది కూతురి సినిమా కంటే తల్లి సినిమా అని నాకనిపించింది.

తమ్ముడికి ఆట లెక్కలన్నీ నోటికొచ్చు. ఒక్కో అలకి పదికి మార్కులు. ఎన్ని అలలెక్కినా మంచి రెండే లెక్క. "ఎక్కువెక్కితే లాభం లేదక్కా. ఏది ఎక్కాలో, ఏది ఒగ్గీయాలో తెలాలి. అది మాకు తెల్సు." 2012 నుంచి కోణార్క్ దగ్గర సర్ఫింగ్ పండుగ జరిగేది. బోర్డులు పట్టుకుని దేశదేశాలవాళ్ళు వచ్చేవారు. అప్పుడు చిన్నపిల్లాడిగా విరిగిన బోర్డు ముక్క మీద నేర్చుకున్నాడట. "జట్టులో నువ్వుండాల్సింది" అన్నాను. నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. బోర్డు ఖరీదు అతని మూడు నెలల జీతం. పైగా వయసు ఇరవై ఆరు.

ఇక్కడి సముద్రం సంగతి అడిగాను. "ఇది సంద్రమేటక్కా, సెరువు" అన్నాడు. మాటలో నిజం ఉంది. మన బంగాళాఖాతంలోకి వచ్చే పెద్ద పొంగు ఎక్కడో దక్షిణ మహాసముద్రపు తుపానుల్లో పుట్టి వేల కిలోమీటర్లు నడిచొస్తుంది. అలకి బలం రావాలంటే అంత పరుగు కావాలి. ఈ గల్ఫ్ లోతు సగటున 35 మీటర్లు ఉంటుందేమో, మూత లాగా హోర్ముజ్ జలసంధి. షమాల్ గాలి వీచినప్పుడు అలలు లేస్తాయి గానీ, అంత దూరం నడిచొచ్చే పొంగు ఉండదు. అందుకే ఉత్తరాన ఫువైరిత్‌లో గాలిపటం కట్టుకుని నీళ్ళ మీద పరిగెత్తే కైట్ సర్ఫింగ్ పెట్టారు. 2023లో ప్రపంచ కప్ పోటీ కూడా జరిగింది. ఈ తమ్ముడు మాత్రం ఖతార్ వచ్చిన ఏడాదిన్నరలో సముద్రాన్ని రెండుసార్లే చూశాడట, రెండుసార్లూ కంపెనీ బస్సు కిటికీలోంచి.

అసలు విషయం అప్పుడు బయటపెట్టాడు. ఊళ్ళో పదమూడేళ్ళ చెల్లెలుంది. ఇతని పాత బోర్డు ముక్క ఇప్పుడు ఆమె దగ్గరుంది. తల్లి ఒప్పుకోదు. "మీరు ఆడమనిషి, సదువుకున్నోరు. మా అమ్మతో ఒక్క మాట సెప్తారా?" అంటూనే వీడియో కాల్ కలిపేశాడు.

చేపల గంప పక్కన కూర్చున్న మనిషి కనబడింది. నా కంటే ఐదేళ్ళు పెద్దదేమో. కమలి గురించి చెప్పాను, 2026లో జపాన్‌లో జరిగే ఆసియా క్రీడల్లో ఈ ఆట మొదటిసారి ఉంటుందని చెప్పాను. ఓపిగ్గా వింది.

"అమ్మా, మా మావని సంద్రం తీసుకుపోయింది. మా ఆడోళ్ళం ఒడ్డున కూకుని సూసేవోళ్ళం. పిల్లని కూడా పంపేసి ఎవుర్ని సూసుకుంటాను?" అంది. కాసేపాగి, "మీకు ఆడపిల్లుందా?" అని అడిగింది.

ఉంది, పదకొండేళ్ళు అన్నాను. ఈత నేర్చుకుంటోంది, నాలుగడుగుల లోతు కొలనులో, ఇద్దరు లైఫ్‌గార్డులు చూస్తుండగా. అదేమీ చెప్పకముందే ఆవిడ, "మీరు పంపుతారా?" అంది.

పూరీ కెరటం కళ్ళముందు కనబడింది. పంపను అన్నాను. అబద్ధం చెప్పి ఒప్పించడానికి నోరు రాలేదు. తమ్ముడి మొహం చిన్నబోయింది. ఆవిడ మాత్రం మెత్తబడింది. "మాకున్న బయ్యమే మీకూనూ" అంటూ అప్పుడు అడిగింది. ఆ మహాబలిపురం పిల్లకి ఎవరు నేర్పారు, పక్కన ఎవరుంటారు, కాలికి తాడు కడతారా, తల్లి ఎక్కడ నిలబడుతుంది. అరగంట మాట్లాడుకున్నాం. బోర్డుని కాలికి కట్టే తాడు సంగతి తమ్ముడే విడమరిచి చెప్పాడు.

2025 ఆగస్టులో అవే ఆసియా పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి. రమేష్ బుదిహాల్ కంచు పతకం గెలిచాడు. ఈ పోటీల్లో విడిగా పతకం గెలిచిన మొదటి భారతీయుడు. ఆ వార్త తమ్ముడికి పంపాను. అప్పటికి అతను కాంట్రాక్టు ముగించుకుని ఊరెళ్ళిపోయాడు. జవాబుగా ఒక ఫొటో వచ్చింది. నడుం లోతు నీళ్ళలో చెల్లెలు, బోర్డు మీద బోర్లా పడుకుని ఉంది, ఇంకా లేచి నిలబడలేదు. ఒడ్డు నుంచి నాలుగడుగులు లోపలికి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, బోర్డు తాడు రెండో కొస చేతికి చుట్టుకుని వాళ్ళమ్మ నిలబడి ఉంది.