నీళ్ల చదువు

డిగ్రీ తరువాత ఏం చేస్తావో ఒక పేజీ రాసివ్వమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. అదే ప్రశ్న వేసవి సెలవుల్లో మా నాయన ఇంకో రకంగా అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

మాది అనంతపురం జిల్లాలో ఒక ఎర్రనేల ఊరు. నాలుగున్నర ఎకరాల్లో శనక్కాయ చేను, బోరు కింద ఒక ఎకరా వరిమడి. మొన్న ఏప్రిల్‌లో నాలుగో బోరు వేయించాం. పాయింటు పెట్టే పెద్దాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా తిరిగాడు. అది లేచి నిలబడ్డ చోట గుర్తు పెట్టారు. రెండేళ్లుగా గ్రానైటు గురించి పరీక్షల్లో పేజీలు నింపినవాణ్ణి, నేను నోరు మెదపలేదు. మెదిపితే "మరి నువ్వు చూపించు" అంటారు. చూపించడం నాకు రాదు.

600 అడుగులు దాటినా పైకి తెల్లటి రాతిపిండే లేచింది. అమ్మ గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది. తెల్లారి బండి వెళ్లిపోయాక నాయన పైపు మూతికి గోనెసంచి కడుతూ, "ఏమిరా, నువ్వు చదివే చదువుతో బోర్లో నీళ్లు పడతాయా?" అన్నాడు. ఎకసెక్కంగా కాదు, నిజంగానే అడిగాడు.

కాలేజీకి వచ్చాక మా జియాలజీ లెక్చరర్ గారు నాచేత ఒక లెక్క చేయించారు. మా వైపు ఏడాది వాన సుమారు 55 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఎకరా మీద పడేది 22 లక్షల లీటర్లు. గ్రానైటు నేలలో అందులో పదో వంతు లోపలికి ఇంకితే గొప్ప. అంటే 2 లక్షల చిల్లర. ఎకరా వరికి ఒక కారుకు దాదాపు 48 లక్షలు కావాలి. మడిలోంచి సగం తిరిగి ఇంకుతుందనుకున్నా, పదెకరాలకు పైగా పడ్డ వాన ఒక్క ఎకరా వరి తాగుతుంది. మాకున్నది నాలుగున్నర! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక చదువు సంగతి, తోటి బి.యస్సీ. మిత్రుల కోసం. నీటివనరుల ఎం.టెక్. సీట్లు ఎక్కువగా సివిల్ ఇంజనీరింగు వాళ్లవే. మన దారి ఎం.యస్సీ. మీదుగా పోతుంది: జియాలజీ, జియోఫిజిక్స్, పర్యావరణ శాస్త్రం. ఐ.ఐ.టి.ల్లో ఎం.యస్సీ.కి జామ్ పరీక్ష రాయాలి, అందులో జియాలజీ పేపరుంది. ఆ పైన గేటు. 2021 నుంచి గేటులో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగుకు వేరే పేపరు పెట్టారు. అదే ఏడు నుంచి డిగ్రీ మూడో సంవత్సరం వాళ్లనూ రాయనిస్తున్నారు. రాయడం వేరు, సీటు రావడం వేరు. ఈ తేడా తెలియక మా హాస్టల్లో ఇద్దరు ఫీజు కట్టేశారు, పాపం.

నా మనసు రూర్కీ మీద ఉంది. అక్కడ హైడ్రాలజీ చదువు 1972లో యునెస్కో తోడ్పాటుతో మొదలైంది. జాతీయ జలవిజ్ఞాన సంస్థ కూడా 1978 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. దగ్గర్లో కావాలంటే ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ ఉంది. నేలలోకి కరెంటు పంపి, అది ఎక్కడ తేలిగ్గా పారుతుందో కొలిచి, తడి ఉన్న పగుళ్లను అంచనా కట్టడం అక్కడ నేర్పుతారు. టెంకాయకు బదులు నాకు కావలసింది అదే. మా గదిలో కెమిస్ట్రీ మిత్రుడిది కనిగిరి వైపు. వాడి లెక్క వేరు. వాళ్లకు నీళ్లు పడ్డా ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లు, ఎముకలు చెడతాయి. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే నల్లగొండ పద్ధతి గురించి చెబుతూ వాడు పర్యావరణం వైపే పోతానంటాడు.

దసరాకు వెళ్లినప్పుడు నాయనకు ఆ లెక్క నోటుబుక్కులో వేసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇది మొదటి బోరప్పుడే చెప్పుంటే?"

"అప్పుడు నేను ఆరో తరగతి నాయనా."

"ఇంగెన్నేండ్లు చదవాల?"

"రెండు. ఆ పైన ఎం.టెక్. అంటే ఇంకో రెండు."

ఏమీ అనలేదు. సాయంత్రం అమ్మతో, "ఈసారి మడి ఇడిసిపెడదాం, జొన్న చల్లుకుందాం" అంటుంటే విన్నాను. మర్నాడు బస్సెక్కేటప్పుడు జామ్ ఫీజు డబ్బులు నా జేబులో పెట్టాడు.