ట్రిబ్యూన్ ఇంటి తలుపు

రోము అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సీజర్ హత్య. ఇంగ్లీషు క్లాసులో షేక్స్‌పియర్ నాటకం చదువుకున్న పుణ్యమా అని బ్రూటస్ బాకూ, ఆంటోనీ ఉపన్యాసమూ మనకు బాగా తెలుసు. చరిత్ర విద్యార్థిగా నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది బాకు కాదు, ఒక తలుపు. సామాన్య ప్రజల తరఫున ఎన్నికైన ట్రిబ్యూన్ ఇంటి తలుపు. అది పగలూ రాత్రీ తెరిచే ఉండాలని నియమం. ఏ వేళకు ఏ పేదవాడు పరుగెత్తుకొచ్చినా గొళ్లెం అడ్డు రాకూడదు. పదవిలో ఉన్న ఏడాది పొడుగునా, ఒక్క పండుగకు తప్ప, ఆ మనిషి రాత్రిపూట ఊరు దాటి వెళ్ళకూడదు. ప్రజాప్రతినిధి అంటే ఎవరన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు నేను చదివిన పుస్తకాల్లో మరెక్కడా దొరకలేదు.

ఆ తలుపు ఎలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. రోమన్లు చెప్పుకునే లెక్క ప్రకారం క్రీ.పూ. 509లో వాళ్ళు తమ రాజును వెళ్ళగొట్టారు. అప్పటినుంచీ రాజు అనే మాటే అక్కడ తిట్టయింది. రాజు స్థానంలో ఇద్దరు కాన్సల్‌లను పెట్టుకున్నారు. పదవీకాలం ఒక్క ఏడాదే. ఒకరు చేయబోయే పనిని రెండోవారు ఆపవచ్చు. పెద్ద ఆపద ముంచుకొస్తే డిక్టేటర్‌ను నియమించుకోవచ్చు గాని, అతని పెత్తనం ఆరు నెలలు మించరాదు. వినడానికి ఎంత బాగుంది! కాని రాజు పోయాడే గాని రాచరికపు దర్జా పోలేదు. పదవులన్నీ పెట్రీషియన్లనే పెద్దింటివాళ్ళ గుప్పిట్లో ఉండేవి. మిగిలినవాళ్ళు ప్లెబియన్లు. అప్పు తీర్చలేని రైతు అప్పిచ్చినవాడి దగ్గర కట్టుబానిసగా పడివుండాలి. యుద్ధం వస్తే కత్తి పట్టాల్సిందీ ఆ రైతే!

క్రీ.పూ. 494లో వాళ్ళు ఒక పని చేశారని లివీ అనే చరిత్రకారుడు రాశాడు. ఆయుధాలు పట్టుకుని నగరం వదిలి, దగ్గర్లో ఉన్న పవిత్రగిరి మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఎవరిమీదా దాడి చేయలేదు. “మీ ఊరు మీరే ఏలుకోండి” అన్నట్టుగా ఊరుకున్నారు. పెద్దలకు గుండెల్లో రాయి పడింది. మెనీనియస్ అగ్రిప్పా అనే ఆయన్ని రాయబారం పంపారు. ఆయన ఒక కథ చెప్పాడు: చేతులూ నోరూ పళ్ళూ కలిసి కడుపు మీద అలిగి తిండి పెట్టడం మానేశాయట, చివరికి అన్నీ కలిసి నీరసించిపోయాయట. కడుపంటే సెనేటు అన్నమాట! కథ విని జనం మెత్తబడ్డారంటారు. కాని ఉత్త కథతో కొండ దిగి రాలేదు. తమలోనుంచి తామే ఎన్నుకునే ట్రిబ్యూన్లు కావాలన్నారు, సాధించుకున్నారు. మొదట కొద్దిమందే ఉన్నా తర్వాత ఆ సంఖ్య పదికి పెరిగింది.

ట్రిబ్యూన్‌కు సైన్యం లేదు, ఖజానా లేదు. అతని ఒంటి మీద చెయ్యి వేసినవాణ్ణి చంపేస్తామని జనం పెట్టుకున్న ఒట్టే అతని బలం. అధికారి ఎవరినైనా ఈడ్చుకుపోతుంటే అతను వెళ్ళి అడ్డం నిలబడేవాడు. ‘వీటో’ అనే లాటిన్ మాటకు అర్థం ‘నేను వద్దంటున్నాను’ అని. ఈనాడు ఐక్యరాజ్యసమితిలో మహారాజ్యాలు వాడే ఆ మాటను అప్పుల రైతుల పక్షాన నిలబడ్డ మనిషి నోట ఊహించుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అలాగని రోము ప్రజాస్వామ్యమని పొరబడకూడదు. కాన్సల్‌లను ఎన్నుకునే సభలో ఓట్లు తలల లెక్కన కాదు, 193 వర్గాల లెక్కన. అందులో గుర్రపు దళంవాళ్ళకు 18, మొదటి తరగతి ఆస్తిపరులకు 80. ఆ రెండూ కలిస్తే 98, అంటే మెజారిటీ వచ్చేసినట్టే. ఆస్తి లేని జనమంతా కలిసి ఒకే ఒక్క వర్గం! మెజారిటీ తేలగానే ఓటింగు ఆపేసేవారు గనక వాళ్ళ వంతు వచ్చేసరికి పందిట్లో విస్తళ్ళు ఎత్తేసినట్టే. అభ్యర్థులు మాత్రం సుద్ద రుద్దిన తెల్లని వస్త్రాలు కట్టుకుని అందరికీ చేతులు కలిపేవారు. ఇంగ్లీషులో అభ్యర్థిని సూచించే మాట ఆ తెల్లబట్టలోంచే పుట్టింది. ఇది చదివి మీకు మన ఖద్దరు గుర్తొస్తే ఆ బాధ్యత నాది కాదు.

క్రీ.పూ. 133లో ఆ తలుపుకు అసలు పరీక్ష వచ్చింది. టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ ఒక భూచట్టం తెచ్చాడు. ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్న పెద్దలు పాత పరిమితి ప్రకారం 500 యూగెరాలు, అంటే 300 ఎకరాల పైచిలుకు, ఉంచుకుని, మిగిలింది వదిలిపెట్టాలి. దాన్ని భూమిలేనివాళ్ళకు పంచాలి. సీలింగు అనే మాట మనకు కొత్త కాదు గనక పెద్దలు ఎంత మండిపడి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. పదిమంది ట్రిబ్యూన్లలో ఒక్కడు తమవైపు ఉంటే వాళ్ళకు చాలు. ఆక్టేవియస్ అనే తోటి ట్రిబ్యూనే లేచి వీటో అన్నాడు. పేదవాణ్ణి కాపాడటానికి పుట్టిన మాట పేదవాడి నోటికాడి ముద్దకే అడ్డం పడింది. టైబీరియస్ ఎంతో బతిమాలి చూసి, చివరికి జనం చేత ఓటు వేయించి ఆక్టేవియస్‌ను పదవినుంచి దించేశాడు.

మా హాస్టల్లో దీని మీద ఒక రాత్రంతా వాదన జరిగింది. “జనానికి ఎదురు తిరిగినవాడు జనం ట్రిబ్యూన్ ఎలా అవుతాడ్రా?” అన్నాడు ఒక మిత్రుడు. టైబీరియస్ వాదన కూడా అదే. “వద్దన్నవాణ్ణి దించేయవచ్చంటే రేపు నీ పక్షాన వద్దనేవాడు మాత్రం మిగుల్తాడా?” అన్నాడు ఇంకొకడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అయినా ఎటో ఒకవైపు నిలబడాలి గనక టైబీరియస్ వైపే నిలబడ్డాను. పంచాల్సిన భూమి పంచకుండా నియమాన్ని మాత్రం పదిలంగా దాచుకుని ఆ రైతు ఏం చేసుకుంటాడు? కాని ఆ రెండో మిత్రుడి ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ఏడే సెనేటర్లు విరిగిన బెంచీల కోళ్ళతో, దుడ్డుకర్రలతో టైబీరియస్‌ను, అతని వెంట సుమారు 300 మందిని కొట్టి చంపి, శవాలను టైబర్ నదిలో పారేశారు. చెయ్యి వేయకూడని ఒంటి మీద చెయ్యి పడింది. తమ్ముడు గేయస్ క్రీ.పూ. 121లో అదే దారిన పోయాడు.

తర్వాత కథ కత్తులది. సుల్లా గడువు లేని డిక్టేటర్ అయి ట్రిబ్యూన్ల రెక్కలు కత్తిరించాడు. క్రీ.పూ. 49లో సీజర్ రూబికాన్ నది దాటినప్పుడు చెప్పిన సాకుల్లో ఒకటి ట్రిబ్యూన్ల హక్కులు కాపాడటం! అందరికంటే తెలివైనవాడు ఆగస్టస్. ఆయన రాజు అనిపించుకోలేదు, డిక్టేటర్ పదవీ వద్దన్నాడు. సెనేటు ఉంది, కాన్సల్‌లు ఉన్నారు, పదిమంది ట్రిబ్యూన్లూ ఉన్నారు. క్రీ.పూ. 23లో మాత్రం ట్రిబ్యూన్ అధికారాన్ని జీవితాంతం తన పేర రాయించుకున్నాడు. తాను పెట్రీషియన్ గనక ట్రిబ్యూన్ పదవికి అర్హుడు కాడు; అందుకని పదవి లేకుండా అధికారం ఒక్కటే తీసుకున్నాడు. చక్రవర్తులు తమ పాలనా సంవత్సరాలు లెక్కపెట్టుకున్నది కూడా ఆ అధికారంతోనే. చక్రవర్తి చుట్టూ ప్రిటోరియన్ కావలి దళం మోహరించింది.

మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. దక్షిణాదిలో దొరికిన ఆగస్టస్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే రకం మీద ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. ఆయన దత్తత తీసుకున్న మనవలు గేయస్, లూసియస్. వాళ్ళు కాబోయే కాన్సల్‌లని నాణెమే చెబుతుంది. సిసిరో అంతటివాడు నలభై దాటాక గాని అందుకోలేని పదవికి ఆ పిల్లలు పధ్నాలుగేళ్ళకే ఎంపికయ్యారు.

క్రీ.శ. 14లో ఆగస్టస్ పోయాక అధికారుల ఎన్నిక ప్రజల సభనుంచి సెనేటుకు మారింది. జనం కాస్త గొణిగి ఊరుకున్నారని టాసిటస్ రాశాడు. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన వాక్యం అది. ఊరు వదిలి కొండెక్కిన మనుషుల సంతతి గొణిగి ఊరుకుంది! పేర్లు మారలేదు గనక పోయిందేమిటో వాళ్ళకు తెలిసినట్టు లేదు.

ఈ సంచిక చదివే మిత్రుల్లో రేపు మన యూనియన్‌కు నిలబడేవాళ్ళుంటారు, ఎల్లుండి అసెంబ్లీకి వెళ్ళేవాళ్ళూ ఉండొచ్చు. వాళ్ళకు నాదొక మనవి. బోర్డు మీద మీ పేరు ఎంత పెద్దక్షరాల్లో రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు. మెస్ బిల్లు కట్టలేనివాడు రాత్రి పదింటికి వస్తే మాత్రం తలుపు తీసి ఉంచండి. ఓటేసేవాళ్ళకూ ఒక మాట: గెలిచినవాడి గది వైపు అప్పుడప్పుడూ నడిచి వెళ్ళి, తలుపు తీసి ఉందో లేదో చూసి రండి.