రాకెట్ చూడ్డానికి వెళ్తే...

మన సినిమాల్లో భవిష్యత్తు ఎప్పుడూ భయపెడుతూనే వస్తుంది. ‘ఆదిత్య 369’లో టైమ్ మెషీన్ ఎక్కి 2504కి వెళ్తే, యుద్ధం తర్వాత నేల కింద బతుకుతున్న జనం. ‘కల్కి 2898 ఏడీ’లో కాశీలోనే నీళ్లకి కటకట. సరే, అసలు భవిష్యత్తు ఎలా బయల్దేరుతుందో కళ్లారా చూద్దామని పోయినేడాది... అంటే 2025 జూలై 30న శ్రీహరికోట వెళ్లాను. ఆ సాయంత్రం 5.40కి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 ఎగరాలి. అందులో నిసార్ ఉపగ్రహం.

సూళ్లూరుపేటలో దిగి ఆటో ఎక్కా. ఊరు దాటగానే రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ సరస్సు. చలికాలంలో వస్తే ఫ్లెమింగోలతో గులాబీ రంగులో ఉంటుంది. నేను వెళ్లినప్పుడు మాత్రం చాలాచోట్ల నీళ్లు లేవు, ఎండిపోయిన మట్టే.

ఆటోలో నా పక్కన ఓ పెద్దావిడ. కాళ్ల దగ్గర ఎండుచేపల బుట్ట.

“రాకెట్‌కా నాయనా?”

“అవునమ్మా. మీరు రోజూ చూస్తారేమో కదా?”

“చూసేదేముంది? పొగ కనపడతాది, తరవాత తలుపులు అదురుతాయి” అని నవ్వింది. కాసేపాగి సరస్సు వైపు చెయ్యి చూపించింది. “ఇంత పైకి పోతాది గదా, ఇక్కడ నీళ్లు ఎందుకు తగ్గిపోతా ఉండాయో అది చెప్తాదా?”

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మధ్యలోనే దిగిపోయింది.

గ్యాలరీలో జాతర వాతావరణం. పులిహోర డబ్బాలు, చేతుల్లో జెండాలు, అమ్మానాన్నల భుజాలెక్కిన పిల్లలు. కౌంట్‌డౌన్ సున్నాకి రాగానే చెట్ల వెనక నుంచి నారింజ రంగు వెలుగు లేచింది. విచిత్రం ఏంటంటే, చప్పుడు లేదు! ధ్వని కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కదా. వెలుగు చూసి అరిచేశాక, అప్పుడొచ్చింది మోత... గుండెల్లో కొట్టినట్టు. నేను ఫోన్‌లో తీస్తూ సగం మిస్సయ్యా. మీరు వెళ్తే ఫోన్ జేబులో పెట్టుకోండి, వీడియో యూట్యూబ్‌లో ఎలాగూ ఉంటుంది.

రాకెట్ మబ్బుల్లోకి వెళ్లిపోయాక, పెద్దావిడ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. ఎందుకంటే నిసార్ పనే అది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ ఉపగ్రహంలో రెండు రాడార్లు ఉన్నాయి. దానికి మబ్బు, చీకటి అడ్డం కావు. 12 రోజులకోసారి అదే నేలని మళ్లీ చూస్తుంది. భూమి ఎక్కడ కుంగింది, చిత్తడి నేలలు ఎంత మారాయి, తీరం ఎంత కోసుకుపోయింది... సెంటీమీటర్ల తేడా కూడా పట్టేస్తుంది. పులికాట్‌కి సముద్రపు నీళ్లు వచ్చే ముఖద్వారాలు పూడిపోతున్నాయని జాలర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఆ మార్పు ఇప్పుడు ఆకాశం నుంచీ రికార్డవుతుంది. పైగా ఆ డేటా అందరికీ ఉచితం.

కానీ ఉచితం అంటే అందినట్టేనా? ఈ దీవిలో రాకెట్లకి ముందు యానాదులు ఉండేవాళ్లు. అడవిలో తేనె, దుంపలు, నీళ్లలో చేపలు, అదే వాళ్ల బతుకు. కేంద్రం వచ్చినప్పుడు చాలామంది ఊళ్లు వదిలి వెళ్లాల్సొచ్చింది. 1971లో మొదటి చిన్న రాకెట్ ఇక్కణ్నుంచి లేచింది. భవిష్యత్తుకి చోటిచ్చినవాళ్లకి అందులో వాటా ఎంత?

ఆశ లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సమాచారంతో సముద్రంలో చేపలు ఎక్కడ ఎక్కువుంటాయో జాలర్లకి చెబుతోంది. అదే దారిలో నిసార్ లెక్కల్ని కూడా ఎవరైనా తెలుగులోకి, ఈ ఒడ్డుకి తేవాలి. కోడింగ్ వచ్చిన మనలో ఒకరు ఎందుకు కాకూడదు?

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. సరస్సు కనపడలేదు. నాకు కనపడకపోయినా, కొన్నాళ్లకి దాన్ని పైనుంచి ఓ కన్ను చూస్తూ ఉంటుంది. అది చూసింది కిందున్న ఆ పెద్దావిడకి చెప్పే మనిషే ఇంకా రావాలి.