ఫోనులో మరమ్మతు

దూరపు కొండలు నునుపంటారు గానీ, దూరాన్నించి చెప్పించుకునే మరమ్మతు మాత్రం మహా గరుకు సుమండీ! వంటయితే "ఉప్పు చూసి వెయ్యి" అని తేల్చెయ్యొచ్చు. "మర చూసి తిప్పు" అంటే ఎటు తిప్పను, ఎంత తిప్పను?

మా అమ్మ కుట్టుమిషను లారీలో నాగపూరు చేరింది. దానిమీద జాకెట్లు కుట్టే అమ్మ మా ముగ్గురి స్కూలు ఫీజులూ కట్టింది. తీరా ఇక్కడికొచ్చాక నాలుగు కుట్లు పడితే రెండు తప్పుతున్నాయి. చూసినవాళ్ళంతా "పాత ఇనుముకి ఇచ్చెయ్యండి" అనేవాళ్ళే. మనసొప్పుతుందా?

కాకినాడలో మా బాబాయి నలభై ఏళ్ళు మిషన్లు బాగుచేశాడు. ఇప్పుడు చేతులు వణికి స్క్రూడ్రైవరు పట్టలేడు. ఆయనకే ఫోను చేశాను. వీడియోలో చూపిస్తానంటే, "నా కళ్ళకి ఆనదు గానీ, వినిపించు" అన్నాడు.

"కొత్త సూది వేశావుటమ్మా?"

"వేశాను బాబాయ్."

"సూదికి ఒకవైపు పొడుగాటి గాడి ఉంటుంది. దారం ఆ వైపునుంచే ఎక్కించాలి."

"అలాగే ఎక్కించాను."

"అయితే ఫోను పక్కన పెట్టి చక్రం మెల్లిగా తిప్పు."

విన్నాడు. "ఎక్కడా తగలడం లేదు. సూది కడ్డీ పైకి జరిగి ఉంటుంది, చూడు."

సూది అడుగుదాకా దిగి కాస్త లేచేసరికి దారం చిన్న ఉచ్చులా వదులవుతుందిట. ఆ క్షణాన షటిలు కొన బెజ్జానికి కొంచెం పైగా వచ్చి ఆ ఉచ్చుని అందుకోవాలి. మాది సరిగ్గా బెజ్జం మీదే పోతోంది!

"కడ్డీమీద పెన్సిలు గీత పెట్టుకో. మర వదులు చేసి, కడ్డీ పక్కకి తిరక్కుండా బియ్యపు గింజంత కిందికి దించు."

"గింజ పొడుగంతా, మందమంతా?"

బాబాయి పకపకా నవ్వాడు. "మందమే. ఆ మాట అడిగావంటే పని వచ్చేసినట్టే!"

ఇంత సన్నపు లెక్క కనకే కాబోలు, 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలైన స్వీడను హస్క్‌వర్నా, 1872లో కుట్టుమిషన్లలోకి దిగింది.

మూడోసారికి కుట్లు ముత్యాల్లా పడ్డాయి.

1970లో అపోలో 13 వ్యోమగాములు ఊపిరాడని పరిస్థితి రాకుండా, అట్టముక్కలూ ప్లాస్టిక్ సంచులూ టేపులతో గాలి శుభ్రంచేసే అమరిక చేసుకున్నారు. కింద హ్యూస్టన్‌లో వాళ్ళు అలాంటి సామాన్లతోనే ముందు చేసి చూసి, ఒక్కొక్క మెట్టే రేడియోలో చెప్పారు. మా బాబాయి ఎదుట మిషనే లేదు. ఉన్నదల్లా నలభై ఏళ్ళ చేతివాటం. దాన్ని మాటల్లోకి మార్చి నా వేళ్ళకి అందించాడు. నేను చెయ్యవలసిందల్లా కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పడం. అదే కష్టమండీ!

రాత్రి పిన్ని ఫోను చేసింది. "ఏం చెప్పావోనే అమ్మాయ్, చాన్నాళ్ళకి మీ బాబాయి ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు."